కాకినాడ నుండి సూరతుకు: లాకుల దారి

గోదావరి, కృష్ణా డెల్టాలలో "లాకులు" అనునది దాదాపు ఊరి పేరువంటిది. దుగ్గిరాల లాకులు, లొల్ల లాకులు అనిన చాలును; ఆ ప్రాంతమువారికి వేరొక గుర్తు చెప్పనక్కరలేదు. డెల్టాకు వెలుపల పెరిగిన తెలుగు పాఠకునకు మాత్రము ఈ మాట వినగానే తాళముకప్ప స్ఫురించును. నిఘంటువు ముందుంచుకొని కూర్చున్న పరభాషానువాదకునకును అదియే స్ఫురించును. ఈ రెండు అర్థములకు నడుమనున్న దూరము చిన్నది కాదు. అందులో కొన్ని తరముల ప్రయాణ చరిత్ర ఉన్నది. ఒక కథాప్రక్రియకు దొరికిన కాలమానము ఉన్నది. తలపెట్టి సగములో విడిచిన ఒక మహామార్గమును ఉన్నది. ఆ మార్గము కాకినాడలో మొదలై సూరతులో ముగియవలసినది.

ముందుగా లాకు అననేమో తెలిసికొనవలెను. కాలువ నీరు పల్లమునకు పారును. వాలు ఎక్కువైనచోట నీరు వడిగా పారి గట్లను కోయును. పడవ ఎదురు పోవుట దుస్సాధ్యమగును. అందుచేత కాలువను మెట్లు మెట్లుగా కట్టుదురు. ఒక్కొక్క మెట్టులో నీరు నిదానముగా నడచును. ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు పడవను ఎక్కించుటకో దింపుటకో రెండు గోడల నడుమ ఒక పొడవైన తొట్టిని కట్టి, దాని రెండు కొనలను రెండు జతల తలుపులు పెట్టుదురు. అదియే లాకు.

క్రిందనుండి వచ్చిన పడవ తొట్టిలో ప్రవేశించును. వెనుక తలుపులు మూయుదురు. పై తలుపులలోని చిన్న తూములు ఎత్తగనే పైనీరు లోనికి వచ్చును. నీటితో పాటు పడవయు లేచును. తొట్టిలోని నీరు, పై కాలువ నీరు ఒక మట్టమునకు వచ్చినప్పుడు ఇద్దరు మనుష్యులు త్రోసిన చాలును, అంతకుముందు ఏనుగులు లాగినను కదలని తలుపులు తెరచుకొనును. దిగు పడవకు ఇదియే వరుస తలక్రిందులుగా జరుగును. ఇందులో ఆవిరి లేదు, విద్యుత్తు లేదు. నీటి బరువే నీటిని ఆపును. నీటి బరువే పడవను ఎత్తును. తలుపులు రెండును ఎగువనీటి వైపు మొనదేరి కలిసికొనునట్లు అమర్చుట ఇందలి రహస్యము. పైనీరు ఎంత గట్టిగా నెట్టిన అవి అంత గట్టిగా బిగిసికొనును.

ఈ ఉపాయము పాతది. చీనాదేశమున చియావో వెయ్‌యువె అను అధికారి 984లో రెండు తలుపుల నడుమ పడవను నిలిపి ఎక్కించు పద్ధతిని ఏర్పరచెను. మొనదేరిన తలుపుల కూర్పును ఇటలీలోని మిలాను కాలువలతోను, లియొనార్డో దావించి పేరుతోను ముడిపెట్టి చెప్పుదురు. ఎక్కడనైనను దాని ధర్మము ఒక్కటే: తొట్టిని నింపి ఖాళీ చేసినప్పుడెల్ల ఒక తొట్టెడు నీరు పై మెట్టునుండి క్రింది మెట్టునకు పోవును. వర్షాకాలమున ఎవ్వరును గమనింపని ఈ వ్యయము వేసవిలో పెద్ద ప్రశ్నయగును. సూరతు దారి కథలో ఆ ప్రశ్న మరల ఎదురగును.

తెలుగుదేశమునకు లాకులు వచ్చినది ఆనకట్టలతో. ఆర్థరు కాటన్ పూనికతో ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసెను. ఆ వెంటనే 1852 నుండి 1855 వరకు విజయవాడకడ కృష్ణకు ఆనకట్ట కట్టిరి. ధవళేశ్వరమునుండి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంకనుండి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరమునుండి పశ్చిమ డెల్టాకు కాలువలు బయలుదేరినవి. ఇవి పొలములకు నీరిచ్చుటకే కాక పడవలు నడచుటకును తగినట్లు తవ్వినవి. కాటన్ దృష్టిలో నీరు పంటకు ఎంత అవసరమో పంటను మోయుటకును అంతే అవసరము.

ఈ కాలువలు ఒకదానితో ఒకటి కలిసి దీర్ఘమైన దారి ఏర్పడెను. కాకినాడనుండి రాజమహేంద్రవరమునకు కాకినాడ కాలువ; రాజమహేంద్రవరమునకు ఎదుటి గట్టునుండి విజయవాడకు ఏలూరు కాలువ; కృష్ణ దాటిన పిమ్మట పెదగంజామువరకు కొమ్మమూరు కాలువ; పెదగంజామునుండి మద్రాసుకు బకింగ్‌హాము కాలువ. నేటి కొలతలలో ఇవి వరుసగా 50, 139, 113, 316 కిలోమీటర్లు. మద్రాసు కొన 1806లోనే కాక్రేన్ కాలువ పేర మొదలైనది. 1876-78 కరవులో పనికోసము వచ్చిన జనముచేత మద్రాసు నగరము నడుమనున్న ఖాళీని తవ్వించి, నాటి గవర్నరు పేరు దానికి పెట్టిరి. ఆకలితో వచ్చిన కూలీల చేతులు తవ్విన దారి గవర్నరు పేరుతో నిలిచినది.

వీనిలో ఏలూరు కాలువ ప్రత్యేకముగా చెప్పదగినది. పేరునకు అది ఒకటే కాలువ, నిజమునకు రెండు. గోదావరినుండి ఏలూరుకు ఒకటి పారును; కృష్ణనుండి ఏలూరుకు మరియొకటి పారును. రెండు నదుల నడుమ నేల పల్లముగా ఉండుటచేత రెండు నీళ్లును ఏలూరు చేరును. కావున నిడదవోలు వైపునుండి వచ్చు ప్రయాణికుడు ఏలూరువరకు లాకు లాకునకు దిగుచు, ఏలూరునుండి విజయవాడకు లాకు లాకునకు ఎక్కుచు పోయెడివాడు. ఒకే కాలువలో ఒకే దిక్కునకు పోవుచు సగము దారి వాలు నీటిని, సగము దారి ఎదురు నీటిని చూచెడివాడు. గోదావరి నీటిపై నిద్రించినవాడు కృష్ణ నీటిపై మేలుకొనెడివాడు.

ఆ ప్రయాణము వేసవిలో ఎట్లుండెడిదో ఊహించుట నేటి పాఠకునకు కొంత కష్టము. చైత్రము ముగియుసరికి గోదావరి సన్నగిల్లును. కాలువలో నీరు తగ్గి గట్టుల మెట్లు బయటపడును. బరువెక్కించిన పడవ అడుగు మేట తగిలి నిలిచిపోవును; కళాసులు నీటిలోనికి దిగి భుజములతో త్రోయవలసియుండును. పగలు ఎండ నీటిమీద పడి కన్నులకు తిరిగి కొట్టును. అందుచేత రాదారి పడవలు ప్రొద్దు వాలిన పిమ్మట బయలుదేరుట మేలు. సముద్రమువైపునుండి పైరగాలి వీచిన తెరచాప ఎత్తుదురు. గాలి పడిపోయిన గెడ వేయుదురు. ఎదురు నీరైనచో పడవకు త్రాడు కట్టి, గట్టు వెంబడి వంగి నడచుచు లాగుదురు. చుక్కాని పట్టినవాడు ఒక్కడే రాత్రియంతయు మేలుకొని కూర్చుండును.

పడవలోపల గుడిసె కప్పు వంటి గూడు. ధాన్యపు బస్తాలు, కొబ్బరికాయల రాశులు, కోర్టు వ్యవహారమునకు పోవు రైతు, పరీక్షకు పోవు విద్యార్థి, అత్తవారింటికి పోవు కొత్త కోడలు, ఆమెతో సారె కావిళ్లు. మూటలో చద్దన్నము, ఊరగాయ. రేవులో దొరికిన తాటిముంజలు. ఒకరి కులము ఒకరు తెలిసికొని కొంత దూరము జరిగి కూర్చుండెడివారే. ఐనను పడవ వెడల్పు ఇంతయే గనుక ఆ దూరమునకు ఒక హద్దుండెడిది. ఊరిలో ఎదురుపడని ఇద్దరు మనుష్యులు ఒకే లాంతరు వెలుగులో తెల్లవార్లు గడపవలసివచ్చెడిది.

నడిరేయి పడవ లాకుకడ నిలుచును. లస్కరు నిద్ర లేచి రావలెను; అంతకుముందే వచ్చిన పడవలు దాటవలెను. కళాసులు గట్టున చుట్టలు కాల్చుకొందురు. పడవలో నిద్రపోయినవారు మేలుకొందురు, మేలుకొన్నవారు మాటాడుకొందురు. పిమ్మట పడవ తొట్టిలోనికి పోవును. దిగుచున్న పడవయైనచో గట్టు, చెట్టు, లస్కరు చేతిలోని దీపము మెల్లగా పైకి పోవుచున్నట్లుండును. రెండు వైపుల చెమ్మగోడలు లేచి వచ్చును. పగలంతయు కాగిన శరీరమునకు ఆ గోడల చల్లదనము తగులును. పడవ ఎక్కుచున్నప్పుడు దీనికి ప్రతియైన అనుభవము: చీకటి గోడలనుండి పడవ లేచి లేచి, ఒక క్షణమున పొలముల మీది గాలి ముఖమునకు తాకును. కదలని ప్రయాణమిది. ముందుకు ఒక్క అడుగు వేయకయే ప్రయాణికుడు ఒక మెట్టు మారును.

నడివేసవిలో ఆ మాత్రమును ఉండదు. పూడిక తీయుటకును, గట్లు, తూములు బాగుచేయుటకును కాలువలు కట్టివేయుదురు. నీరు ఇంకి పడవలు బురదలో ఒరిగి నిలుచును. మరల జూన్ మాసమున తొలి నీరు వచ్చువరకు డెల్టా గ్రామములకు బండి దారియే గతి. పెండ్లిండ్ల కాలమును, కాలువ కట్టు కాలమును ఇంచుమించుగా ఒక్కటియగుటచేత, ముహూర్తముతోపాటు కాలువ గడువును చూచికొనవలసి వచ్చెడిది. నీరు ఉన్నంతవరకే దారి; వేసవిలో జలమార్గము తన హద్దును తానే చెప్పును.

ఇట్టి మార్గమును దేశమునకు అడ్డముగా సాగదీయవలెనని కాటన్ తలచెను. 1878లో భారతదేశపు ప్రభుత్వ నిర్మాణములను విచారించుటకు బ్రిటిషు పార్లమెంటు నియమించిన ఉపసంఘము ఎదుట అతడు కొన్ని జలమార్గములను సూచించెను. గంగ వెంట ఎక్కి సింధు వెంట దిగుచు కలకత్తానుండి కరాచీకి ఒకటి. తుంగభద్ర మీదుగా కార్వారు తీరమునకు ఒకటి. పాలఘాటు కనుమ మీదుగా ఒకటి. ఇంకొకటి గోదావరి వెంట ఎక్కి తపతి వెంట దిగుచు కాకినాడనుండి సూరతుకు. రమేశచంద్ర దత్తు తన ఆర్థిక చరిత్రలో ఈ పట్టికను ఉదహరించి, రైళ్ల మీద పెట్టిన ద్రవ్యమును నీటిపారుదలకు ఏల పెట్టరైరని ప్రశ్నించెను.

కాకినాడ, సూరతు అను జత విచిత్రముగా తోచవచ్చును. కాని ఆంగ్ల వర్తకసంఘము తూర్పుతీరమున 1611లో మచిలీపట్టణమునను, పడమటితీరమున 1613లో సూరతునను వర్తకశాలలు నెలకొల్పుకొనెను. రెండు తీరములలోను వారికి కావలసినది బట్ట. దేశపటమును చూచిన ఈ జత ఇంకను సహజముగా కనబడును. తపతి పుట్టినది మధ్యప్రదేశమున బేతూల్ జిల్లాలోని ముల్తాయికడ. అచ్చటినుండి అది 724 కిలోమీటర్లు పడమరగా పారి సూరతు దాటి సముద్రమున కలియును. వార్ధా నది పుట్టినదియు ఆ ముల్తాయి తాలూకాలోనే. వార్ధా వైనగంగతో కలిసి ప్రాణహితయగును. ప్రాణహిత కాళేశ్వరముకడ గోదావరిలో కలియును. సాత్పురా కొండలలో ఒక వాన కురిసిన, గట్టుకు ఇటు పడిన చినుకు ధవళేశ్వరమునకును, అటు పడిన చినుకు సూరతునకును పోవును.

ఈ దారిలో మొదటి భాగము ఊహగానే మిగిలిపోలేదు. గన్నవరముకడ గోదావరి పాయమీదుగా 49 కమానుల అక్విడక్టు కట్టి కోనసీమ లంకకు నీరందించిన హేగ్ అను ఇంజనీరే 1860 తరువాతి సంవత్సరములలో ఎగువ గోదావరి పనులను నడపెను. నదిలో పడవలకు అడ్డుతగులు రాతిపట్టులు మూడు: భద్రాచలమునకు ఎగువ దుమ్ముగూడెముకడ ఒకటి, ఇంచంపల్లికడ ఒకటి, ప్రాణహితపై దేవలమర్రికడ ఒకటి. ఒక్కొక్కదానిని లాకులుగల ప్రక్కకాలువతో దాటించవలెనని సంకల్పము. దుమ్ముగూడెము ఆనకట్ట ఆ సంకల్పమునకు నిలిచిన సాక్ష్యము. ఆ తొందరకు కారణమును మరువరాదు. 1861-65లో అమెరికా అంతర్యుద్ధము జరుగుచుండగా మాంచెస్టరు మిల్లులకు ప్రత్తి కరవైనది. బీరారు ప్రత్తిని గోదావరి వెంట కాకినాడ రేవునకు దింపవలెనని వారి కోరిక. యుద్ధము ముగిసినది. 1867లో బొంబాయి రైలు నాగపురము చేరినది. 1871లో ఎగువ గోదావరి పనులు నిలిచిపోయినవి. కాటన్ 1878లో సూరతు మాట ఎత్తునాటికే ఆ దారి క్రింది సగము విడువబడియున్నది. ఉపసంఘము అతని సూచనను అంగీకరింపలేదు.

దీనిని కేవలము రైలు వర్తకుల కుట్రగా చెప్పుట సులభము. కాని నీటి పక్షమునను ఒక చిక్కు కలదు. రెండు నదుల నడుమనున్న గట్టును కాలువ దాటవలెనన్నచో, ఆ గట్టు తలపై రెండు వైపులకును లాకులు నింపుటకు చాలినంత నీరు ఏడాది పొడుగున ఉండవలెను. ఫ్రాన్సులో మధ్యధరా సముద్రమును అట్లాంటికు వైపు పారు గరోన్ నదితో కలిపిన మిదీ కాలువ 1681లో పూర్తియైనది. దానిని సాధ్యముచేసినది కాలువ తవ్వకము కన్న, కొండలలోని ఏరులను పట్టి సాన్‌ఫెరియోల్ జలాశయమున నిలిపి శిఖరమునకు తెచ్చిన ఏర్పాటు. ముల్తాయి పీఠభూమి సముద్రమట్టమునకు 700 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. కాలువ నది పుట్టుకవరకు పోనక్కరలేదు; అంతకన్న పల్లమైన చోట గట్టును దాటవచ్చును. ఐనను వైశాఖమాసపు విదర్భ ఎండలో, ఏరులన్నియు ఇసుకగా మారిన వేళ, గట్టు తలపై ఒక్కొక్క పడవకు తొట్టెడు నీరు ఎచ్చటనుండి వచ్చును? పెద్ద జలాశయములు లేనిదే అది జరుగదు. డెల్టా ప్రయాణికునికి ఏటేటా ఎదురైన వేసవి ప్రశ్నయే సూరతు దారికిని ఎదురైనది. కొలత మాత్రము పెద్దది.

దారి ఆగినను మనుష్యులు ఆగలేదు. 1899లో విజయవాడ-మద్రాసు రైలు, 1900లో గోదావరిమీద హేవ్‌లాక్ వంతెన వచ్చిన పిమ్మట దూరప్రయాణికులు పడవలను విడిచిరి. తరువాత బస్సులు దగ్గరి ప్రయాణికులను తీసికొనిపోయినవి. అదే కాలమున తపతి లోయలో జలగాము వైపునుండి సూరతుకు రైలుదారి పడినది. నేడు విజయవాడనుండి సూరతు పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఓరుగల్లు దాటి, బల్లార్షాకడ వార్ధా నదిని సమీపించి, వార్ధా, అకోలా, భుసావళ్ మీదుగా తపతి లోయలోనికి దిగి సూరతు చేరును. కాటన్ గీచిన గీత ఇంచుమించుగా ఇదియే. నీటికి బదులు ఇనుము పరచినారు, అంతే.

ఆ బండ్లలో సూరతు చేరిన తెలుగువారిలో తెలంగాణ జిల్లాల చేనేత కుటుంబములు ఎన్నో ఉన్నవి. చేతిమగ్గమునకు కూడు దొరకక, మరమగ్గము పిలిచిన చోటికి వారు పోయిరి. సూరతులోని లింబాయత్ వంటి పేటలలో తెలుగు వినవచ్చును. ఆ నగరపు పురపాలక పాఠశాలలలో తెలుగు మాధ్యమమునకును చోటున్నది. బీరారు ప్రత్తి తూర్పుకు దిగి కాకినాడ చేరవలెనని నాటి యోచన. జరిగినది వేరు: ప్రత్తిని వడికి నేసిన చేతులే పడమరకు పోయి సూరతు చేరినవి.

ఇంతవరకు చెప్పినది ఇంజనీర్ల కథ, ప్రభుత్వముల కథ. రచయితలకు దీనితో ఏమి పని యన్న ప్రశ్నకు పాలగుమ్మి పద్మరాజు రెండు కథలు సమాధానము చెప్పును. 1915లో పశ్చిమ గోదావరి జిల్లా తిరుపతిపురమున పుట్టి, కాకినాడ కళాశాలలో విజ్ఞానశాస్త్రము బోధించిన ఈ రచయిత కాలువ ప్రయాణమును, రైలు ప్రయాణమును రెంటిని ఎరిగినవాడు. 1952లో ప్రపంచ కథానికల పోటీలో బహుమతి పొందిన "గాలివాన"లో రైలున్నది. రావుగారను ప్రతిష్ఠగల మనిషి, ఒక బిచ్చగత్తె ఒకే పెట్టెలో తటస్థపడుదురు. కాని రైలు వారిని కలిపి ఉంచజాలదు. స్టేషను రాగానే విడిపోవలసినవారే. వారిద్దరిని ఒకచోట నిలుపుటకు కథకునకు ఒక తుపాను కావలసివచ్చెను.

"పడవ ప్రయాణం" కథలో తుపాను లేదు, అక్కరయు లేదు. రాత్రి, కాలువ, పడవ చాలినవి. పద్దాలు అను దొంగను ప్రేమించిన రంగి అను స్త్రీ తన బ్రతుకును చెప్పుకొనుటకు, చదువుకొన్న ప్రయాణికుడొకడు దానిని వినుటకు కావలసిన వ్యవధిని కాలువయే ఇచ్చినది. ఆ కథలో పాత్రల మధ్య ఏర్పడిన సామీప్యము పడవ వెడల్పునుండి వచ్చినది. అందలి నిదానము నీటి నిదానము. ఒక రచయిత వ్రాసిన ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చదివిన, వాహనము మారినప్పుడు కథానిర్మాణము ఎట్లు మారునో స్పష్టమగును. రైలు కథలో మనుష్యులను ఆపుటకు ప్రకృతి విజృంభింపవలెను. కాలువ కథలో ఆగుట ప్రయాణములోనే ఒక భాగము.

ఇప్పుడు ఇటువంటి కథను సూరతులోని గుజరాతీ పాఠకునికి అందించవలసిన అనువాదకుని స్థితిని తలచవలెను. తపతీ తీరవాసికి నది తెలియును, ఓడరేవు తెలియును, పోటుపాటులు తెలియును. కాక్రాపార్ ఆనకట్టనుండి వచ్చిన సాగుకాలువలును తెలియును. కాని అవి పొలములకు నీరిచ్చుటకై తవ్వినవి. రాత్రి పడవలో లాకుకడ నిలిచిన జ్ఞాపకము ఆ నేలకు లేదు. "లాకు" అను మాటకు అనువాదకుడు నిఘంటువులో వెదకిన దొరకునది "తాళుం". మన తాళమునకు చుట్టమువలె కనబడు ఆ మాట అతనిని తిన్నగా పొరపాటులోనికి నడపించును. కలకత్తా అనువాదకునికి ఈ బాధ తక్కువ. ఆ నగరమున లాక్‌గేటు పేరున వీధియే ఉన్నది. కాటన్ తవ్వింపలేకపోయిన కాలువ సూరతు నేలమీదనే కాదు, సూరతు భాషలోను లేదు. తవ్వని కాలువకు పేరు పుట్టదు గదా.

అట్టి చోట అనువాదకునికి ఉన్న మేలైన మార్గము తెలుగువారు చేసినదియే. ఇంగ్లీషువారి మాటను తెలుగువారు అనువదింపలేదు. తలుపులు, తూములు, లస్కరు, నిరీక్షణ అన్నియు కలిసిన ఆ స్థలమునకు బహువచనముగా దానిని నిలుపుకొనిరి. అనువాదకుడును మాటను అట్లే ఉంచి, పడవ ఎట్లు లేచినదో ఒక వాక్యములో చూపిన చాలును. అడుగు గమనిక చదువును ఆపును; లేచుచున్న నీరు చదువును ఆపదు. కాని ఆ ఒక్క వాక్యము వ్రాయుటకు అనువాదకునికి ఆ పని తెలిసియుండవలెను. తెలిపెడి గ్రంథమేది?

ఇచ్చటనే మన కర్తవ్యమున్నది. 2008లో కాకినాడ-పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల కొన్ని భాగములను కలిపి, మొత్తము 1,078 కిలోమీటర్లు, నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. ఆ కాగితములలో లాకులకు కొలతలున్నవి, వెడల్పులున్నవి, మాటలు లేవు. పడవలు పోవుట ఆగి చాలకాలమైనందున లాకు దారులు చాలచోట్ల మూతబడినవి. తలుపు ఎత్తు చక్రమునకు, పడవ లాగు త్రాడునకు, ఆ త్రాడు పట్టి నడచు గట్టు అంచునకు, తెరచాప దించు కేకకు, నీరు మట్టమునకు వచ్చినదని చెప్పు పిలుపునకు ఒక్కొక్క కాలువ మీద ఒక్కొక్క పలుకుబడి ఉండెడిది. రాదారి పడవ, కళాసి, లస్కరు, గెడ అను మాటలను ఈ తరము పాఠకులు కథలలో చదివి దాటిపోవుదురు. తరువాతి తరము వానికడ ఆగిపోవును. ఆగినచోట కథయు ఆగిపోవును.

జలమార్గము మరల నడచునో లేదో ప్రభుత్వములు నిర్ణయించును. మాటల మార్గము నిలుచునో లేదో నిర్ణయింపవలసినది రచయితలు, నిఘంటుకారులు, అనువాదకులు. లాకు కట్టిన ఊళ్లలో పడవ నడపిన వృద్ధులు ఇంకను కొందరుందురు; వారికడ కూర్చుండి ఒక వేసవి ప్రొద్దు గడపిన, ఏ నిఘంటువునకును ఎక్కని మాటలు దొరకును. సూరతు బండి వార్ధా వంతెన దాటునప్పుడు కిటికీకడ కూర్చున్న తెలుగు నేతగాని బిడ్డకు, ఈ నీటి వెంట ఒక పడవ దారి గీయబడెనని చెప్పువారు కావలెను. చెప్పుటకు మాట మిగిలియుండవలెను. కాలువ కట్టివేసిన వేసవిలో పడవ కుళ్లదు. తొలినీరు వచ్చువరకు ఒరిగి నిలిచియుండును. మాటయు అట్టిదే. ఐతే ఎవరో ఒకరు దానిని గట్టుకు కట్టి ఉంచవలెను.